బరువు తగ్గే ఆపరేషన్ అయిన ఏడేళ్లకు తిమ్మిర్లు, చెమటలు, తూలడం... రిపోర్టులు మాత్రం నార్మల్. ఎందుకు?

ప్రశ్న: నా వయసు 38. మాది నెల్లూరు, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. 2018లో, పెళ్లికి ముందు, చెన్నైలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. ఏదో బైపాస్ అన్నారు, పూర్తి పేరు గుర్తులేదు. 108 కిలోల నుంచి 66కి వచ్చాను. ఏడాదిన్నరగా పాదాల్లో తిమ్మిర్లు, చీకట్లో నడిస్తే తూలుతున్నాను. వారంలో రెండు మూడుసార్లు ఆఫీసులో పదకొండు ప్రాంతంలో ఒళ్లంతా చెమట పట్టి చేతులు వణుకుతాయి. జుట్టు ఊడుతోందని రెండేళ్లుగా మాత్రలు వాడుతున్నాను. బీ12 260 వచ్చింది, నార్మల్ అన్నారు. ఎండోస్కోపీ నార్మల్. థైరాయిడ్ ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది. నలుగురు డాక్టర్లయ్యారు, చివరాయన టెన్షన్ తగ్గడానికి మాత్ర రాశారు. మావారికి తప్ప అత్తగారింట్లో ఆపరేషన్ సంగతి తెలియదు. ఇదంతా నా భ్రమేనా?

జవాబు:

నేను బెంగళూరులో జనరల్ ఫిజీషియన్‌ని, ఇరవై మూడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. సర్జన్‌ని కాను. కోసి కుట్టేది వాళ్లు, ఆరేళ్లకో పదేళ్లకో "ఎందుకో బాగుండటం లేదండీ" అంటూ వచ్చేవాళ్లను చూసేది మాలాంటివాళ్లం. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తిమ్మిర్లకంటే, చెమటలకంటే ముందు నా కన్ను పడింది ఆ చివరి మాట మీద. అత్తగారింట్లో తెలియదు, సరే. ఆ నలుగురు డాక్టర్లలో ఎంతమందికి తెలుసు? వాళ్ల గదిలో మీ పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారు?

అడగడానికి కారణం మా వదిన. అనంతపురంలో టీచరు. ఆవిడ సన్నబడినప్పుడు మాకందరికీ చెప్పింది వాకింగ్, జొన్నరొట్టె అని. డాక్టరునై ఉండి నేనూ నమ్మాను. పైగా నా పేషెంట్లకు ఆవిడను ఉదాహరణగా చెప్పేవాణ్ణి. ఐదేళ్ల తర్వాత మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలైంది. "కాళ్ల కింద దూది పరిచినట్టుంది" అనేది. హిమోగ్లోబిన్ 7.8. బీ12 ఇంజెక్షన్లు నేనే రాశాను, ఆరు నెలలు. ఏమీ మారలేదు. తెల్లకణాలు కూడా తగ్గుతున్నాయని ఇక్కడికి తీసుకొచ్చి ఒక పెద్దాసుపత్రిలో చూపిస్తే ఎముక మజ్జ పరీక్ష చేసి, ఇది క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చన్నారు. ఇంట్లో ఏడుపులు. ఇంకొకరి అభిప్రాయం కోసం వెళ్తే, ఆ డాక్టరమ్మ పొట్ట నొక్కి చూస్తూ "ఈ చిన్న చిన్న మచ్చలేంటమ్మా?" అంది. ఐదు మచ్చలు. అప్పుడు నోరు విప్పింది మా వదిన, బైపాస్ చేయించుకున్నానని, నా వైపు చూడకుండా. అన్నయ్యకు తెలుసు. మాకే తెలియదు.

తేలింది రాగి లోపం. చెంబులు చేసే రాగే, మన నరాలకూ రక్తానికీ చాలా కొద్దిగా కావాలి. అది ఎక్కువగా ఒంటబట్టేది పొట్టలోనూ చిన్నపేగు మొదట్లోనూ, అంటే సరిగ్గా బైపాస్‌లో భోజనం తగలకుండా పోయే చోట. రాగి ఇచ్చాక రెండు నెలల్లో రక్తం బాగుపడింది. నడక సగమే బాగుపడింది. ఇప్పటికీ రాత్రిపూట టార్చ్ లేకుండా పెరట్లోకి వెళ్లదు. ఆ ఆరు నెలల ఆలస్యం నా ఖాతాలోదే. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి ఉంటే సరిపోయేది.

మీకూ అదే ఉందని నేననడం లేదు. కానీ మీ ప్రశ్నలో ఒక వరుస చూడండి: జుట్టు మాత్రలు రెండేళ్లుగా, తిమ్మిర్లు ఏడాదిన్నరగా. జుట్టు మాత్రల్లో సాధారణంగా రెండు ఉంటాయి, జింక్, బయోటిన్. రోజూ జింక్ ఎక్కువగా వేసుకుంటే పేగు గోడ కణాల్లో ఒక ప్రొటీన్ పెరుగుతుంది. అది జింక్‌ను పట్టుకుంటుంది, రాగిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఆ కణాలు కొన్నాళ్లకు రాలిపోతాయి, రాగి వాటితోపాటే బయటికి పోతుంది. అసలే బైపాస్ వల్ల లోపలికి వెళ్లేదే తక్కువ, వెళ్లినదాన్ని ఈ మాత్ర తోడేస్తుంది. అందుకే బైపాస్ అయినవాళ్లకు 8 నుంచి 15 మి.గ్రా. జింక్‌కు 1 మి.గ్రా. రాగి చొప్పున తోడుగా ఉండాలంటారు. మీ డబ్బా వెనక చదవండి. కాపర్ అన్న మాట ఉందా?

ఇక బయోటిన్. చాలా ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్ష చేసే పద్ధతిలోనే బయోటిన్ వాడతారు. రక్తంలో అది ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపించవచ్చు, అంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నట్టు. మాత్ర వేసుకున్న రోజు ఒకలా, మానేసిన వారం ఒకలా. మీ థైరాయిడ్ దోబూచులాటకు ఇదే కారణం అయ్యే అవకాశం ఉంది. కనీసం రెండు రోజులు, వీలైతే మూడు నాలుగు రోజులు మానేసి మళ్లీ చేయించండి. ఎవరైనా ఆ రిపోర్టు చూసి థైరాయిడ్ మందు మొదలుపెట్టి ఉంటే అదొక్కటీ ఈ వారమే తేల్చుకోవాలి.

బీ12 విషయంలో 260 అనేది చాలా ల్యాబుల లెక్కలో నార్మలే, కానీ అది అంచున ఉన్న నార్మల్. 200కీ 300కీ మధ్య ఉన్నప్పుడు లోపం ఉందో లేదో ఆ ఒక్క అంకె చెప్పదు. హోమోసిస్టీన్ గానీ మిథైల్ మలోనిక్ యాసిడ్ గానీ చూడాలి. అవి పెరిగి ఉంటే రక్తంలో అంకె ఎలా ఉన్నా కణాలకు బీ12 చాలడం లేదని అర్థం. ఇన్నేళ్లు బాగానే ఉండి ఇప్పుడెందుకంటే, కాలేయంలో బీ12 నిల్వ కొన్నేళ్లకు సరిపడా ఉంటుంది. పాత బియ్యం బస్తా ఖాళీ అయ్యేదాకా ఇంట్లో ఎవరికీ తెలియనట్టే. ఇంకో సంగతి, తిమ్మిర్లని మందుల షాపులో బీ కాంప్లెక్స్ అడిగి తెచ్చుకుని నెలల తరబడి వేసుకుంటే అందులోని బీ6 ఎక్కువై అదే తిమ్మిర్లు తెప్పిస్తుంది. ఇలాంటివాళ్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నా దగ్గరికి వస్తారు.

ఒక చిన్న పరీక్ష ఇంట్లో గమనించుకోండి. బేసిన్ దగ్గర కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు తూలుతున్నారా? తూలితే పాదాలెక్కడున్నాయో మెదడుకు కబురు సరిగా అందడం లేదన్నమాట. వెన్నుపాము వెనక భాగం దెబ్బతింటే అలా ఉంటుంది. అలా కాక చీకట్లో కళ్లే సరిగా కనిపించడం లేదంటే విటమిన్ ఏ గురించి ఆలోచించాలి. రెండూ "చీకట్లో ఇబ్బంది" అనే మాటలోనే వచ్చేస్తాయి, డాక్టరుకు విడదీసి చెప్పండి.

పరీక్షలకు పరిగెత్తే ముందు ఒక పాత కాగితం వెతకండి. ఆపరేషన్ నోట్. డిశ్చార్జ్ సమ్మరీలో "ఆపరేషన్ జరిగింది, కోలుకున్నారు" అని ఉంటుంది, దాంతో మాకు సగం పనే అవుతుంది. నోట్‌లో ఏ రకం ఆపరేషనో, ఎన్ని సెంటీమీటర్ల పేగు పక్కకు పెట్టారో ఉంటుంది. బైపాస్ అంటే ఒక్కటి కాదు. పాత పద్ధతిలో పొట్టపైన చిన్న గిన్నెడు సంచి మిగిల్చి, పేగును రెండు చోట్ల కలుపుతారు. మినీ బైపాస్ అని మన దగ్గర ఎక్కువగా చేసేది ఇంకొకటి ఉంది, 1997లో అమెరికాలో రట్లెడ్జ్ అనే సర్జన్ మొదలుపెట్టింది. అందులో పొడవాటి సంచి, ఒకే కలయిక. మినీ అన్నది పేరులోనే. దాటవేసే పేగు సాధారణంగా 150 నుంచి 200 సెంటీమీటర్లు ఉంటుంది, కొందరికి అంతకంటే ఎక్కువ. మనిషి చిన్నపేగు మొత్తం పొడవు ఒకరికి నాలుగు మీటర్లుంటే ఇంకొకరికి ఎనిమిది ఉండొచ్చు. నాలుగు మీటర్లవాళ్లకు రెండు మీటర్లు దాటిస్తే ఏం మిగిలిందో లెక్క వేసుకోండి. చాలామంది చేయించుకునే స్లీవ్ వేరు. అందులో పొట్టను సన్నని గొట్టంలా మిగిల్చి తక్కినది తీసేస్తారు, పేగు జోలికి పోరు. వాళ్లకు ఏళ్ల తర్వాత గుండెమంట ఎక్కువ, ఈ లోపాలు కొంచెం తక్కువ.

వైద్య మండలి 2002 నియమాల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు ఉంచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మీది 2018 కాబట్టి "ఇప్పుడు లేవమ్మా" అనొచ్చు. అయినా కంప్యూటర్లో ఉండిపోయే అవకాశం ఉంది, మెయిల్ పెట్టి అడగండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసి ఉంటే ఆ ఫైల్లో కాపీ ఉండొచ్చు. ఏదీ దొరక్కపోతే సీటీ స్కాన్, ఎండోస్కోపీ చూసి అనుభవం ఉన్న సర్జన్ ఎలాంటి బైపాసో చాలావరకు చెప్పగలరు. అన్నట్టు, మీ ఎండోస్కోపీ నార్మల్ అంటే కొత్త సంచి, కుట్టు దగ్గర, ఆ తర్వాత కొంచెం పేగు నార్మల్ అని. పక్కన పెట్టిన పాత పొట్టలోకి మామూలు ట్యూబ్ వెళ్లదు. ఆపరేషన్ సంగతి తెలియకుండా చేసి ఉంటే ఆ డాక్టరు లోపల ఏం చూసి ఏం రాశారో ఆ రిపోర్టు నేను చదవాలనుంది.

ఇప్పుడు పదకొండు గంటల సంగతి. ఇది నరాల సమస్యకు సంబంధం లేని వేరే దారి అని నా అనుమానం. పొద్దున మీరేం తింటారో రాయలేదు, ఊహిస్తాను. తొమ్మిదింటికి క్యాబ్ ఎక్కే తొందరలో ఇడ్లీ, కాఫీ. లేదా ఒంటికి మంచిదని గ్లాసుడు రాగి జావ. బైపాస్ తర్వాత పొట్టకు తలుపు లేదు. తిన్న పిండిపదార్థం జారిపోయి నేరుగా పేగులో పడుతుంది, రక్తంలో షుగర్ ఒక్కసారిగా లేస్తుంది, దానికి జవాబుగా పేగు హార్మోన్లు క్లోమం చేత ఇన్సులిన్ కుమ్మరింపజేస్తాయి. గంట నుంచి మూడు గంటల లోపల షుగర్ పాతాళానికి పడిపోతుంది. చెమట, వణుకు, గుండెదడ, కళ్లు మసకలు. చూసేవాళ్లకు అచ్చం టెన్షన్ లాగే ఉంటుంది. ఆపరేషన్ అయిన ఏడాదికో ఐదేళ్లకో మొదలవుతుంది కాబట్టి ఎవరూ దాన్ని ఆపరేషన్‌కు ముడిపెట్టరు. తిన్న పావుగంటకే వచ్చే కడుపునొప్పి, దడ, విరేచనం వేరే రకం. అది మొదటి నెలల్లో మీరు చూసే ఉంటారు.

తేల్చుకోవడం సులువు. ఒక గ్లూకోమీటర్ ఆఫీసు బ్యాగులో పెట్టుకోండి. చెమట పట్టిన ఆ క్షణంలోనే వేలు గుచ్చండి. ఏమీ తినకముందు. 54 కంటే తక్కువ వచ్చి, తియ్యనిది తిన్నాక పది పదిహేను నిమిషాల్లో కుదుటపడితే డాక్టరు ముందు పెట్టడానికి మీ చేతిలో రుజువు ఉన్నట్టే. మంచి అంకె వచ్చిందా, అప్పుడు దడ గురించి వేరేగా ఆలోచిద్దాం. చేతికి అంటించుకునే సెన్సర్ పెట్టుకుంటే పద్నాలుగు రోజుల కథ ఒకేసారి తెలుస్తుంది, కానీ తక్కువ అంకెల దగ్గర అది కొంచెం తప్పు చెప్తుంది, వేలితో సరిచూసుకోవాలి. తినకుండా పరగడుపున పడిపోతుంటే మాత్రం అది ఈ రకం కాదు, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే గడ్డ లాంటివి చూడాలి. ఇంకొకటి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష ఎవరైనా రాస్తే బైపాస్ అయిందని చెప్పి ఆపించండి. ఆ నీళ్లు తాగి ల్యాబులోనే పడిపోయినవాళ్లున్నారు.

తిండిలో మార్పు ఇవాళే మొదలుపెట్టొచ్చు. జావ ఎంత మంచిదైనా తాగేది కాబట్టి జారిపోతుంది. రాగిపిండిలో క్యాల్షియం ఉంది నిజమే, కానీ మీకు ఆ పూట కావాల్సింది నమిలి తినేది. పెసరట్టు, ఉడికించిన గుడ్డు, పనీరు, శనగలు ముందు తిని, ఇడ్లీ ఒకటి తర్వాత. కాఫీలో చక్కెర మానండి. నీళ్లు, మజ్జిగ తిన్న అరగంట తర్వాత. కొందరికి అకార్బోస్ అనే షుగర్ మాత్ర భోజనంతో ఇస్తారు, "నాకు షుగర్ లేదు కదా" అని భయపడొద్దు, అది పిండిని నెమ్మదిగా అరిగేలా చేస్తుంది అంతే. అది వాడేటప్పుడు షుగర్ పడిపోతే చక్కెర పలుకులు పని చేయవు, గ్లూకోజ్ పొడే కావాలి. ఇది చాలామంది చీటీ రాసేటప్పుడు చెప్పడం మర్చిపోతారు. స్కూటీ నడుపుతారా? రింగ్ రోడ్డు మీద ఆ పదకొండు గంటల గండం వచ్చిందంటే ఆలోచించండి. తేలేదాకా నడపకండి.

రక్తపరీక్షల సంగతి త్వరగా చెప్పేస్తాను. మామూలు రక్తకణాల లెక్క, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), ఫోలేట్, అల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), రాగితోపాటు సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రొటీన్), జింక్, విటమిన్ డీ, క్యాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, విటమిన్ ఏ, బీ1. "ఫుల్ బాడీ చెకప్" ప్యాకేజీల్లో చాలావాటిలో ఇందులో సగం ఉండవు, ఉన్న వాటికి రెండు పేజీల గ్రాఫులు మాత్రం ఉంటాయి. రాగి, జింక్ పరీక్షకు లోహం అంటని ముదురు నీలం మూత ట్యూబ్ కావాలి, రక్తం తీసేవాళ్లను అడగండి. పారాథైరాయిడ్ ఎక్కువగా ఉంటే ఎముకల్లోంచి క్యాల్షియం లాగుతోందని అర్థం. అప్పుడు ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయించి, క్యాల్షియం సిట్రేట్ రకం వాడాలి, కార్బొనేట్‌కు పొట్టలో ఆమ్లం కావాలి, అది మీకు తక్కువ. ఐరన్‌కూ క్యాల్షియానికీ మధ్య రెండు గంటలు ఎడం.

రెండు హెచ్చరికలు. నీరసంగా ఉందని వీధి చివర క్లినిక్కులో గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకునే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. రోజుల తరబడి వాంతులై తిండి లేకుండా ఉన్న బైపాస్ మనిషికి బీ1 (థయామిన్) ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. కళ్లు పక్కలకు తిరగకపోవడం, తూలుడు, మాట తికమక. బీ1 నిల్వ ఒంట్లో రెండు మూడు వారాలకు మించి ఉండదు. కాబట్టి "ముందు థయామిన్, తర్వాత గ్లూకోజ్" అన్న మాట మీవారికి నేర్పండి, ఆ పూట మీరు చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు.

రెండోది కడుపునొప్పి. మీరు రాయలేదు, లేకపోతే సంతోషం. తిన్నాక పొట్టపైన మెలిపెట్టినట్టు వచ్చి, వీపులోకి పాకి, గంటలో పోయే నొప్పి గ్యాస్ అని వదిలేయొద్దు. బరువు తగ్గాక లోపలి కొవ్వు కరిగి, పేగులు మార్చి కలిపిన చోట సందులు వదులవుతాయి. వాటిలో పేగు దూరి మెలిపడొచ్చు, ఏడేళ్లకైనా పదేళ్లకైనా. నొప్పి లేనప్పుడు తీసిన స్కాన్ నార్మల్‌గా ఉండొచ్చు. నొప్పి తగ్గకుండా ఉంటే క్లినిక్కుకు కాదు, సీటీ స్కాన్, సర్జన్ ఇద్దరూ ఉన్న ఎమర్జెన్సీకి, అదే రాత్రి. తలనొప్పికి, మోకాళ్లకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి వాడుతుంటే ఆపి పారాసిటమాల్‌కు మారండి, వాటితో కుట్టు దగ్గర పుండు పడే ప్రమాదం ఎక్కువ.

టెన్షన్ మాత్ర మీకు మీరే ఆపకండి, కొన్ని హఠాత్తుగా మానితే ఇంకో గొడవ. రాసినాయన తప్పు చేశారనీ అనను, ఆయనకు తెలిసిన కథకు ఆ మందు సరిపోయింది. తిమ్మిర్లకు మీ ఆపరేషన్‌తో సంబంధం లేని కారణాలూ చాలా ఉన్నాయి, నరాల డాక్టరు వాటినీ చూడాలి. ప్రైవేటులో చూపించుకున్నా సరే, హోసూరు రోడ్డులోని ప్రభుత్వ నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో అయినా సరే (సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటగలిగితే), మొదటి వాక్యం ఇదే ఉండాలి: "2018లో నాకు పొట్ట బైపాస్ అయింది."

అత్తగారు పక్కన ఉంటే ఆ వాక్యం నోటికి రాదని నాకు తెలుసు. మా వదినకూ రాలేదు. ఒక చీటీ రాసుకోండి: ఆపరేషన్ పేరు, సంవత్సరం, పాత బరువు, ఇప్పటి బరువు, వాడే మాత్రలన్నీ, జుట్టువి కూడా. ఫైల్లో పై కాగితంగా పెట్టి డాక్టరు చేతికివ్వండి. లేదా "లేడీస్ విషయం, ఒక్క నిమిషం విడిగా" అంటే బెంగళూరులో ఏ డాక్టరూ కాదనరు. మీరు చెప్పింది గది దాటకూడదన్నది మా వృత్తి నియమం. ఈసారికి మీవారిని ఒక పూట సెలవు పెట్టించి తీసుకెళ్తే ఇంకా మంచిది.

జింక్ మాత్ర ఆపడం, మీటర్ కొనడం, చెన్నైకి మెయిల్, ఈ మూడూ ఈ వారంలో అవుతాయి. ఆపరేషన్ నోట్ దొరికితే అందులో సెంటీమీటర్లున్న లైను, మీటర్లో పదకొండు గంటలకు వచ్చిన అంకెలు ఇక్కడ రాయండి. పేర్లు, ఆసుపత్రి వివరాలు తీసేసి.